కాలేయపు గడ్డపై కత్తిని ఆపిన వైద్యుడు – సర్ లియోనార్డ్ రోజర్స్

మన అధ్యక్ష మండల శతవార్షిక సంచికలో తొలితరపు మిషనెరీలను గూర్చియు, ఉపదేశులను గూర్చియు, బైబిలు స్త్రీలను గూర్చియు అనేకులు వ్రాయుచున్నారు. అది ఎంతయు తగిన పని. మేము మాత్రము మన మండలములో ఎన్నడును పనిచేయని, తెలుగుభాష ఎరుగని ఒక వైద్యుని జీవితమును ఎన్నుకొంటిమి. ఆయన సర్ లియోనార్డ్ రోజర్స్. డిచ్‌పల్లి కుష్ఠరోగుల ఆసుపత్రి చరిత్ర తెలిసిన పెద్దలు ఈ పేరు వినియుందురు. తక్కినవారికి అంతగా తెలియదు. సికింద్రాబాదు ప్రక్కన బేగంపేటలో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన రొనాల్డ్ రాస్ పేరు మన పిల్లలు బడిలోనే నేర్చుకొందురు. రోజర్స్ ఆయనకు సమకాలికుడు, అదే ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసినవాడు. అయినను ఈయన పేరుతో మన పట్టణములలో ఒక వీధి ఉన్నట్టు మేము ఎరుగము. మా ఊరిలో ఈనాడు ప్రాణములతో తిరుగుచున్న కొందరు మనుష్యులు ఆయనకు ఋణపడియున్నారని మేము నమ్ముచున్నాము. అందుచేత ఈ వ్యాసము.

మేము సేవచేయుచున్న ఇబ్రహీంపట్నము హైదరాబాదునుండి నాగార్జునసాగరము పోవు దారిమీద ఉన్నది. కుతుబ్‌షాహీల నాటి పెద్దచెరువు ఈ ఊరికి పేరు తెచ్చినది. చుట్టుప్రక్కల పల్లెలలో ఈత చెట్లు, తాటి చెట్లు, వాటిని నమ్ముకొని బ్రదుకు కుటుంబములు గలవు. రోగులను చూడబోవుట పాస్టరు పనిలో సగభాగము. ఆ సందర్శనములలో మాటిమాటికి మేము విను రోగము ఒకటున్నది. ముప్పది నలుబది ఏండ్ల మగమనిషి, కష్టము చేయువాడు, సాయంకాలము చలిజ్వరముతో పడుకొనును. రాత్రి చెమటలు పట్టును. కుడి డొక్కలో బరువు, నొప్పి. ఒక్కొక్కప్పుడు కుడి భుజము పీకును, పొడిదగ్గు వచ్చును. మలేరియా అని ఒకరు, టైఫాయిడ్ అని ఒకరు, పసిరికలు అని ఒకరు చెప్పుదురు. పసరు త్రాగింతురు, తాయెత్తు కట్టుదురు. రెండు మూడు వారములు గడచిన తరువాత పట్టణమునకు తీసికొనిపోగా లివరులో చీము పట్టినదని తేలును.

దీనినే వైద్యులు అమీబిక్ లివర్ ఆబ్సెస్ అందురు. కారణము ఎంటమీబా హిస్టోలిటికా అను ఒంటికణపు జీవి. రోగి మలముతో బయటికి వచ్చిన దాని గ్రుడ్డువంటి రూపమును సిస్టు అందురు. అది కలుషితమైన నీటితోనో ఆహారముతోనో మరియొకని కడుపులోనికి పోయి పెద్దప్రేగులో కాపురము పెట్టును. అనేకులలో ఏ హానియు చేయక ఊరకుండును. కొందరికి జిగటతో నెత్తురు విరేచనములు కలిగించును. మరికొందరిలో ప్రేగుగోడను తొలచి, ప్రేగులనుండి కాలేయమునకు నెత్తురును కొనిపోవు సిరలో పడి, కాలేయమును చేరును. ఆ నెత్తురులో అధికభాగము కాలేయపు కుడిభాగమునకు పోవును గనుక గడ్డయు తరచుగా అక్కడనే లేచును. అమీబా అచ్చటి కండను కరగించి, ముదురు గోధుమరంగు ద్రవముగా మార్చును. నిజమునకు అది మనము కురుపులలో చూచు చీము కాదు, చచ్చిన కాలేయమే. గడ్డ పెరిగి పగిలినయెడల పొట్టలోనికిగాని, ఊపిరితిత్తులోనికిగాని, అరుదుగా గుండె చుట్టునున్న సంచిలోనికిగాని కారి ప్రాణము తీయును.

స్త్రీలకంటె పురుషులకు ఇది చాల హెచ్చుగా వచ్చును. కల్లు త్రాగువారిలో ఎక్కువగా కనబడునని దక్షిణ భారతదేశపు వైద్యులు చాలకాలమునుండి గమనించుచున్నారు. కల్లులో కలియు నీటి మురికివలననా, మద్యము కాలేయమును బలహీనపరచుటవలననా అనునది ఇంకను వాదములోనే ఉన్నది. మద్యపాన నిషేధముమీద ప్రసంగించుటకు ఈ సంచికలో వేరొకరు ఉందురు గనుక మేము ముందుకు సాగుదుము.

లియోనార్డ్ రోజర్స్ 1868వ సంవత్సరము జనవరి 18వ తేదీన ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతమున హెల్‌స్టన్ అను ఊరిలో జన్మించిరి. తండ్రి నౌకాదళములో కెప్టెను. ప్లిమత్ కళాశాలలో చదివి, లండనులోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో వైద్యవిద్య ముగించి, 1893లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిరి. ఆ కాలమున ఈ ఉద్యోగములో చేరినవారు సాధారణముగా సైనికపు పటాలములకు వైద్యము చేసి, పదోన్నతి పొంది, పెన్షను పుచ్చుకొని స్వదేశము చేరుచుండిరి. పరిశోధన చేయుమని అడిగినవారు లేరు, దానికి ప్రత్యేకముగా జీతమిచ్చినవారును లేరు. రోజర్స్ తీరిక వేళలను మైక్రోస్కోపు దగ్గర గడపిరి.

1896లో ప్రభుత్వము ఆయనను అస్సాముకు పంపెను. అక్కడ కాలా అజార్ అను జ్వరము ఊళ్లకు ఊళ్లను తుడిచివేయుచుండెను. రోజర్స్ పల్లెపల్లెకు తిరిగి, వ్యాధి ఏ దారుల వెంట ప్రాకుచున్నదో జాగ్రత్తగా గుర్తించిరి. రోగమున్న ఇండ్లనుండి ఆరోగ్యవంతులను వేరుచేసిన తోటలలో అది ఆగినట్లు చూపిరి. కాని అది తీవ్రమైన ఒకవిధమగు మలేరియాయేనని తేల్చి పొరబడిరి. 1903లో ఇంగ్లండులో లీష్మన్, మద్రాసులో డోనవన్ వేరువేరుగా అసలు క్రిమిని కనుగొని ప్రకటించిరి. రోజర్స్ తన పాత అభిప్రాయమును పట్టుకొని వ్రేలాడలేదు. మరుసటి సంవత్సరమే ఆ క్రిమిని ప్రయోగశాలలో పెంచి, అది తోకగల మరియొక రూపమునకు మారునని చూపిరి. తాను తప్పిన చోటనే మరల త్రవ్వి మంచి నీరు తీయుట అందరికిని చేతనైన పని కాదు.

మధ్యలో కొంతకాలము హిమాలయములలోని ముక్తేశ్వర్ పశువైద్య ప్రయోగశాలలో రిండర్‌పెస్ట్ అను పశువుల రోగముమీద పనిచేసిరి. తరువాత 1900 నుండి కలకత్తా మెడికల్ కాలేజీలో పెథాలజీ శాఖలో ఉండి, కాలక్రమమున అక్కడ ఆచార్యులైరి. ఇరువది సంవత్సరముల కలకత్తా జీవితములో ఆయన చేసిన పనులు అనేకము. మేము ముఖ్యముగా చెప్పదలచినది కాలేయపు గడ్డ సంగతి.

ఆయనకు పూర్వము ఈ రోగము తెలియనిది కాదు. 1828లోనే మద్రాసు జనరల్ ఆసుపత్రి వైద్యుడు జేమ్స్ ఆన్నెస్లీ నెత్తురు విరేచనములకును కాలేయపు గడ్డకును గల సంబంధమును రంగుల చిత్రములతో సహా గ్రంథస్థము చేసెను. 1875లో రష్యాలో లోష్ అను వైద్యుడు రోగి మలములో అమీబాను చూచెను. 1880ల చివరిలో ఐగుప్తులోని అలెగ్జాండ్రియాలో కార్టులిస్, 1890లో అమెరికాలో ఆస్లర్ కాలేయపు గడ్డలోనే దానిని చూచిరి. అయినను పడకలోనున్న రోగికి ఈ జ్ఞానమువలన ప్రయోజనము కలుగలేదు. గడ్డ పెరిగి డొక్క ఉబ్బినదాక వేచియుండి, కత్తితో విశాలముగా కోసి, రబ్బరు గొట్టము పెట్టి చీమును కారనిచ్చుటే వైద్యముగా ఉండెను. చీము ఉన్నచోట కోయవలెనని శస్త్రవైద్యులకు నేర్పిన నియమము. ఆ నియమము తక్కిన కురుపుల విషయమున సరియైనదే గనుక ఇక్కడ దానిని ప్రశ్నింపవలెనని ఎవరికిని తోచలేదు.

రోజర్స్ ప్రశ్నించిరి. శవపరీక్ష బల్లదగ్గర ఆయన దానికి జవాబు వెదకిరి. కాలేజీలో భద్రపరచియున్న పూర్వ దశాబ్దముల శవపరీక్షల చిట్టాలను తిరగవేసిరి, తాను స్వయముగా పరీక్షించినవాటిని వాటితో పోల్చిరి. మూడు సంగతులు తేటపడెను. మొదటిది, బ్రదికియుండగా విరేచనముల మాటయే ఎత్తని రోగుల పెద్దప్రేగులోకూడ అమీబా చేసిన పుండ్లు ఉండెను. కాబట్టి విరేచనములు లేవు గనుక ఇది కాలేయపు గడ్డ కాదనుట తప్పు. రెండవది, గడ్డ నడుమ ద్రవములో అమీబా దొరకకపోవచ్చును, గడ్డగోడను గీకి చూచినప్పుడు సజీవముగా కదలుచు కనబడును. ద్రవమును చూచి అమీబా లేదని వ్రాసిన వైద్యులు వెదకవలసిన చోట వెదకలేదన్నమాట. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. కత్తి తగులని గడ్డలలో అనేకము మామూలు చీము క్రిములు బొత్తిగా లేనివి. కోసి గొట్టము పెట్టిన కొన్ని దినములకే అవి గాలినుండి, చేతులనుండి, గుడ్డలనుండి లోనికి చేరుచుండెను. రోగి చనిపోవుచున్నది తరచుగా ఆ రెండవ దాడివలన. అనగా వైద్యుడు తెరచిన ద్వారముననే మృత్యువు ప్రవేశించుచుండెను.

కాబట్టి కోయవద్దనిరి. బోలు సూదితో ద్రవమును లాగి, లోపల క్వినైను ద్రావణము వదలి, రంధ్రమును మూసివేయుమనిరి. శస్త్రవైద్యులు సులభముగా ఒప్పుకొనలేదు. ప్రయోగశాల మనిషి తమకు శస్త్రము నేర్పుట వారికి రుచించియుండదు.

అంతటితో ఆయన తృప్తిపడలేదు. గడ్డ ఏర్పడకముందే గుర్తించు ఉపాయము కావలెను. ఇక్కడ ఆయనకు తోడ్పడినది ఒక చుక్క నెత్తురు. జ్వరపు రోగుల నెత్తురులో తెల్లకణములను లెక్కించుచు రాగా, మలేరియాలోను కాలా అజార్‌లోను అవి పెరుగక, తరచు తగ్గుచుండుటయు, కాలేయములో అమీబా మంట ఆరంభమైనప్పుడు పెరుగుటయు కనబడెను. కాబట్టి క్వినైనుకు లొంగని జ్వరము, కుడి డొక్కలో నొప్పి, తెల్లకణముల హెచ్చు, ఈ మూడును కలిసినచోట కాలేయమును అనుమానింపవలెను. 1908లో వెలువడిన ఉష్ణదేశపు జ్వరములను గూర్చిన ఆయన పెద్ద గ్రంథములో ఒక జ్వరమును మరియొక జ్వరమునుండి వేరుపరచు ఈ పద్ధతియే ప్రధానము. ఈ దశలో ఇపికాక్ వేరు మందును పెద్ద మోతాదులలో ఇచ్చినయెడల గడ్డ ఏర్పడకుండనే కాలేయము చల్లబడునని 1907 నాటికే ఆయన ప్రకటించిరి.

ఇపికాక్ బ్రెజిల్ దేశపు మొక్క వేరు. విరేచనములకు అది పనిచేయునని ఐరోపావారు చాలకాలముగా ఎరుగుదురు. కాని దానిని మ్రింగిన రోగి కడుపులోనిదంతయు కక్కును. నిలుపుకొన్నవాడే బాగుపడును. ఎంత మందు లోపల నిలిచినదో ఎవరికిని తెలియదు. ఆ వేరులోని సారమైన ఎమెటిన్‌ను ఫ్రాన్సులో 1817లోనే వేరుచేసిరి. దాదాపు నూరు సంవత్సరములు అది సీసాలలోనే ఉండెను. 1911లో మనీలాలో వెడ్డర్ అను అమెరికా సైనిక వైద్యుడు ఆ సారము ఎంతో పలుచని ద్రావణములోకూడ అమీబాలను చంపుచున్నదని గాజుపాత్రలో చూపెను. రోజర్స్ ఆ సంగతి చదివి, కరుగు ఎమెటిన్ లవణమును చర్మము క్రింద సూదిమందుగా ఇచ్చిరి. కడుపును తప్పించి పోవుటచే వాంతి బాధ చాలవరకు తప్పెను. మందు పూర్తిగా రోగికి దక్కెను. 1912లో ఈ ఫలితములను ఆయన ప్రకటించిరి. మరణమునకు సిద్ధపడిన రోగులు కొలది దినములలో లేచి కూర్చుండిరి. సైనిక ఆసుపత్రులనుండి మొదలుకొని మిషను ఆసుపత్రులవరకు ఈ సూదిమందు పోయెను.

1922 నాటికి ఆయన చూపిన లెక్కలు ఇవి. కోసి గొట్టము పెట్టిన 2,661 మంది రోగులలో నూటికి సుమారు 57 మంది మరణించిరి. సూదితో ద్రవమును తీసి మూసివేసిన 111 మందిలో నూటికి సుమారు 14 మంది మరణించిరి. రెండవ లెక్క చిన్నది, రోగుల స్థితియు ఒక్కటే కాదు. అందుచేత ఈ రెండు సంఖ్యలను త్రాసులో పెట్టినట్టు తూచరాదని ఈనాటి వైద్యులు చెప్పుదురు. అయినను అంత భేదము చూచిన పిమ్మట కత్తిని వెనుకటి ధైర్యముతో పట్టుకొనుట ఎవరికిని సాధ్యము కాలేదు.

ఎమెటిన్‌కు దోషములు లేకపోలేదు. అది శరీరములో నిలువచేరి గుండె కండరమును బలహీనపరచును. అందుచేత సూదిమందు పుచ్చుకొనుచున్నన్ని దినములు రోగిని మంచము దిగనీయకుండిరి. ప్రేగులలోని సిస్టులను అది చంపదు. బాగుపడి ఇంటికి పోయినవాడు తన చెరువుకట్టకు, తన బావిగట్టుకు రోగమును మోసికొనిపోవుచుండెను. 1966లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ వైద్యులు మెట్రోనిడజోల్ అను మందు కాలేయములోను ప్రేగులలోను అమీబాను చంపునని చూపిన తరువాత ఎమెటిన్ క్రమముగా వెనుకబడెను. సిస్టుల కొరకు నేటికిని దాని వెనుక మరియొక మందు ఇచ్చెదరు. జ్వరము తగ్గగానే ఈ రెండవ మందును మానివేయువారు మన పల్లెలలో అనేకులు.

రోజర్స్‌కు లేనిది మరియొకటి కలదు. ఆయన నెత్తురును చూచి గడ్డ ఉన్నదని ఊహించగలిగిరేగాని, గడ్డ ఎక్కడున్నదో చూడలేకపోయిరి. ప్రక్కటెముకల నడుమ చేతితో నొక్కి, ఎక్కడ ఎక్కువ నొప్పియో అక్కడ సూది దింపుటయే ఆ కాలపు పద్ధతి. ఒకచోట తగులకున్న మరియొకచోట. 1895లో రాంట్‌జన్ కనుగొనిన ఎక్స్‌రే కొంత తోడ్పడెను. కాలేయము ఉబ్బినప్పుడు దానిపైనున్న కుడి ఉదరవితానము పైకి నెట్టబడి, పటములో గుమ్మటమువలె లేచి కనబడును. కాని అది గోడకు ఆవలినున్న మనిషిని అతని నీడను బట్టి ఊహించుటవంటిది. గడ్డను చూపదు.

గడ్డను కంటికి చూపినది అల్ట్రాసౌండ్. గ్లాస్గోలో ఇయన్ డోనల్డ్ అను ప్రసూతి వైద్యుడు శబ్దతరంగములతో పొట్టలోని గడ్డలను, గర్భములోని శిశువును చూచుటను గూర్చి 1958లో ప్రకటించెను. అప్పటికి రోజర్స్ తొంబది ఏండ్ల వృద్ధుడు. ఆ యంత్రము మనదేశపు ఆసుపత్రులకు విస్తారముగా వచ్చుటకు మరి ఇరువది ముప్పది ఏండ్లు పట్టెను. నేడు ఇబ్రహీంపట్నమువంటి ఊరివారుకూడ స్కానింగ్ అను మాటను నీళ్లవలె వాడుచున్నారు. పొట్టమీద జిగురు పూసి చేతిలోని పరికరమును జరుపుచుండగా, బూడిదరంగు కాలేయములో గుండ్రని నల్లని మచ్చవలె గడ్డ కనబడును. ఎన్ని సెంటీమీటర్లు, ఒకటియా పదియా, కుడిభాగమా ఎడమభాగమా, పగులుటకు ఎంత దగ్గరగా ఉన్నది, ఇవన్నియు పది నిమిషములలో తెలియును. సూది దింపవలసివచ్చినయెడల దాని మొన గడ్డలోనికి పోవుట తెరమీద చూచుచునే దింపుదురు. చిన్న గడ్డలకు మందు చాలును. చాల పెద్దదైనప్పుడు, ఎడమభాగములో గుండెకు సమీపముగా ఉన్నప్పుడు, మందుకు లొంగనప్పుడు సూది అవసరమగును. ఇంకను సందేహమున్నప్పుడు, లేక గడ్డ పగిలినదని అనుమానించినప్పుడు సి.టి. స్కాను తీయింతురు.

అయితే స్కాను సర్వజ్ఞురాలు కాదు. అమీబా గడ్డయు, మామూలు చీము క్రిముల గడ్డయు తెరమీద అక్కచెల్లెండ్రవలె ఉండును. వాటిని వేరుచేయుటకు నెత్తురులో అమీబాకు విరోధముగా పుట్టిన పదార్థములను వెదకు పరీక్ష కావలెను. అమీబా విస్తారముగా ఉన్న మనవంటి దేశములో పాత సోకుడు వలనకూడ ఆ పరీక్ష ఫలించవచ్చును గనుక వైద్యుడు రోగి చరిత్రను వినకతప్పదు. మలపరీక్షలో అమీబా కనబడలేదని ధైర్యపడుటకు వీలులేదు. గడ్డ ఉన్నవారిలో అనేకుల మలములో అది దొరకదు. మరియు గొఱ్ఱెలు, కుక్కలు కలిసి తిరుగు ప్రాంతములలో కుక్క ప్రేగులలోని ఒక బద్దెపురుగు గ్రుడ్లు మనుష్యుని కడుపులో చేరి కాలేయములో నీటితిత్తిని పుట్టించును. దానిని హైడాటిడ్ తిత్తి అందురు. దానిని గడ్డ అనుకొని తొందరపడి సూది గ్రుచ్చినయెడల లోపలి ద్రవము ఒలికి ప్రాణాపాయము కలుగవచ్చును. తిత్తిలో పొరలు, పిల్లతిత్తులు ఉన్నవా లేవా అని స్కాను తీయువారు శ్రద్ధగా చూచుట ఇందుకే.

మా సంఘ సభ్యుడొకరి సంగతి ఇక్కడ చెప్పుట అనుచితము కాదనుకొందుము. ఆయన మేస్త్రీ పని చేయును. పదునెనిమిది దినములు టైఫాయిడ్ అని మందులు వాడిరి. నెత్తురు పరీక్ష చేయించిన మొదటి వారములోనే తెల్లకణములు బహుగా హెచ్చియున్నట్లు ఆ కాగితములో వ్రాసియుండెను. కుడి డొక్క నొప్పి సంగతి ఆయన భార్య మొదటినుండి చెప్పుచునేయుండెను. ఆ రెంటిని ఎవరును కలిపి చూడలేదు. చివరకు స్కానులో తొమ్మిది సెంటీమీటర్ల గడ్డ బయటపడెను. సూదితో తీసి, మందులిచ్చి పంపిరి, దేవుని కృపవలన కోలుకొనెను. నూరు సంవత్సరములకు పూర్వము యంత్రములేవియు లేని కలకత్తాలో రోజర్స్ చెప్పిన లక్షణములే ఆ కాగితములో ఉండెను. నాలుగు నెలల తరువాత మరల స్కాను తీయించగా ఇంకను నల్లమచ్చ కనబడుచున్నదని ఆ కుటుంబము మా యింటికి ఏడ్చుచు వచ్చిరి. గడ్డ మానిన తరువాతకూడ ఆ గుంట పూడుటకు నెలలు పట్టునని, ఒక్కొక్కప్పుడు సంవత్సరము దాటునని, జ్వరమును నొప్పియు లేనప్పుడు పటమును చూచి భయపడనక్కరలేదని వైద్యులు చెప్పినమీదట వారు నెమ్మదిపడిరి.

రోజర్స్ చేసిన తక్కిన పనులను క్లుప్తముగా చెప్పుదుము. కలరా రోగుల నెత్తురునుండి నీరును ఉప్పును కారిపోవుచున్నవని కొలిచి, గాఢమైన ఉప్పునీటిని సిరలోనికి ఎక్కించు పద్ధతిని కలకత్తాలో స్థిరపరచిరి. సగమునకు పైగా చచ్చుచుండిన చోట మూడవవంతు వరకు మరణములు తగ్గెను. ఈనాటి సెలైను సీసాకు ముందు నడచినవారిలో ఆయన ఒకరు. ఉష్ణదేశపు రోగములకు ఒక ప్రత్యేక విద్యాలయము ఇంగ్లండులో కాదు, ఆ రోగములున్న చోటనే ఉండవలెనని పట్టుబట్టి, జనపనార, తేయాకు వర్తకుల గుమ్మములెక్కి విరాళములు పోగుచేసిరి. 1914లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌కు శంకుస్థాపన జరిగెను. ఆ సంవత్సరమే ఆయనకు నైట్ బిరుదు వచ్చెను. ఆ సంవత్సరమే నలుబదియారవ ఏట వివాహము చేసికొనిరి. భార్య ఊనా ఎల్సీ నార్త్. వారికి ముగ్గురు కుమారులు. 1916లో రాయల్ సొసైటీ సభ్యులైరి. యుద్ధమువలన విద్యాలయపు పని ఆలస్యమాయెను. అది తలుపులు తెరచి పాఠములు ఆరంభించునాటికి ఆయన 1920లో భారతదేశము విడిచియుండిరి. తాను నాటిన చెట్టు నీడలో కూర్చుండుట ఆయనకు లభింపలేదు.

ఇక మన ప్రాంతమునకు ఆయన తగిలిన చోటు. కుష్ఠరోగమునకు ఆ కాలమున చాల్‌మోగ్రా నూనె ఒక్కటే దిక్కు. దానిని త్రాగిన రోగికి కడుపు త్రిప్పును, నెలల తరబడి పుచ్చుకొనుట దుర్లభము. ఎమెటిన్ విషయమున పట్టిన దారినే రోజర్స్ ఇక్కడను పట్టిరి. మ్రింగలేని మందును సూదిమందుగా మార్చిరి. ఆ నూనెలోని ఆమ్లముల లవణములను ఆయన సూదిమందుగా వాడగా, కలకత్తాలో ఆయన వెనుక వచ్చిన ఎర్నెస్ట్ మ్యూర్ ఆ పనిని ముందుకు సాగించెను. మెతడిస్టు మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల ఆసుపత్రి నెలకొల్పియుండిరి. నిజామాబాదు దాత రాజా నర్సాగౌడు హిందువైనను దానికి చేయూతనిచ్చెను. ఆ ఆసుపత్రిలో ఈ సూదిమందు వైద్యము ప్రారంభమైన తరువాత, చచ్చువరకు దాగియుండుటకు కాక, బాగుపడుటకు రోగులు వచ్చుచుండిరి. గంటలకొలది వరుసలో నిలిచి సూదిమందు వేయించుకొనినవారిని గూర్చి మా చిన్నతనమున పెద్దలు చెప్పగా వింటిమి. ఆ నూనె నిజముగా ఎంత మేలు చేసినదని తరువాతి వైద్యులు సందేహించిరి. 1940ల తరువాత డాప్సోన్ బిళ్లలు వచ్చి దాని స్థానమును ఆక్రమించెను. కాని వైద్యుని వెదకికొని రోగి తనంతట తాను బయటికి వచ్చుట ఆ సూదిమందుతోనే మొదలాయెను.

స్వదేశము చేరిన పిమ్మటకూడ రోజర్స్ కుష్ఠరోగులను మరువలేదు. కుష్ఠరోగుల మిషనులో మనదేశమునందు పనిచేసిన ఫ్రాంక్ ఓల్డ్రీవ్ అను బోధకునితో కలిసి 1924లో బ్రిటిష్ ఎంపైర్ లెప్రసీ రిలీఫ్ అసోసియేషనును స్థాపించిరి. అనేక సంవత్సరములు జీతము లేకుండ దాని పనిచూచిరి. 1950లో తన ఆత్మకథను ప్రకటించిరి. 1962వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన తాను పుట్టిన కార్న్‌వాల్‌లోనే, ట్రూరో పట్టణమున, తొంబది నాలుగవ ఏట కన్నుమూసిరి.

ఆ సంఘము తరువాత లెప్రా అని పేరు మార్చుకొనెను. 1989లో దాని భారతీయ శాఖ మన హైదరాబాదులోనే లెప్రా సొసైటీగా ఏర్పడెను. దాని పరిశోధన కేంద్రము చర్లపల్లిలో, అప్పటి మన రంగారెడ్డి జిల్లాలోనే కట్టబడెను. అక్కడ కుష్ఠుతోపాటు క్షయరోగమును గూర్చియు పరిశోధనలు జరిగినవి.